తాగిండనే అనుకోనీ

కొండరాజుపల్లి,
19-11-2024

తమ్ముడు విఠల్‌కు అక్క రాసేది.

ఫోన్‌లో అడగవలసిన మాటే. కానీ సంజన సంబంధం ఖాయం చేసుకున్న పూలుపండ్లకు వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. పైగా ఫోన్‌లో నువ్వు "ఆఁ, ఆఁ" అనడం తప్ప అడిగినదానికి జవాబు చెప్పి ఏడాది అవుతుంది. కాగితమైతే చదవక తప్పదు.

నా బిడ్డకు మేనమామవని పసుపు కుంకుమల పళ్లెం నీ చేతిలో పెట్టి ముందు నడవమన్నది నేనే. అరుగు దిగుతూ తూలి పడ్డావు. పళ్లెం పోయి పెళ్లికొడుకు తల్లి కాళ్ల ముందు పడింది. కుంకుమ అంతా మట్టిలో కలిసింది. ఆమె మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆమె పక్కనున్న ముసలమ్మ "ఇదేం శకునమే" అని నోరు తెరిచింది కూడా. మీ బావ ముందుకొచ్చి "శకునం లేదు ఏం లేదమ్మా, మా బామ్మర్ది పొద్దుగాల్నే జర ఏసుకున్నడు" అన్నాడు. అందరూ నవ్వారు. మనిషి తాగి పడితే అది మనిషి తప్పు, శకునం కాదు. సంబంధం నిలబడింది.

ఆయన అప్పటికి తోచిన మాట అన్నాడనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించింది. బోనాలకు వచ్చినప్పుడు గోడ పట్టుకుని నడిచావు. పెద్దమ్మ పక్కనే నిలబడి పిలిస్తే పలకకుండా పోయావు. ఆమె ఇప్పటికీ "పట్నపోనికి కండ్లు నెత్తికెక్కినయి" అంటుంది.

నాయిన తాగి వచ్చిన రోజుల్లో మనిద్దరం గడ్డివాములో ఎలా దాక్కునేవాళ్లమో నీకు నేను గుర్తు చేయాలా?

ఒక్క మాట రాయి. తాగుతున్నావా?

అరుంధతి


అశోక్‌నగర్,
27-11-2024
(రాసి, పోస్టు చేయనిది)

అక్కా,

నేను తాగలేదు.

నా తలలో, ఎడమ చెవి వెనక లోపలి వైపు ఒక గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద పెరుగుతున్నది. ఆ నరంలో ఒక పాయ వినడానికి, ఇంకో పాయ మనిషి తూలకుండా నిలబడడానికి. అందుకే ఆ చెవి సన్నగిల్లింది, ఎప్పుడూ హోరుమంటుంది. మెట్లు దిగుతూ తల తిప్పితే నేల పక్కకు జరుగుతుంది. అకౌస్టిక్ న్యూరోమా అంటారట. నారాయణగూడలో చెవి డాక్టరమ్మ పద్మ గారు ఆగస్టులో ఎమ్మారై తీయించి చెప్పింది. ఇంట్లో రాగిణికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె చేత కూడా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

డాక్టరమ్మను నేను మొదట అడిగింది నా ప్రాణం గురించి కాదు. "మేడం, ఇది మా అక్క బిడ్డకు గూడ వస్తదా?" అన్నాను. వంశంలో వచ్చే రకం ఒకటి ఉందట. అది రెండు చెవులకూ, చిన్న వయసులోనే కనబడుతుందట. నాది ఒక్కవైపే, యాభై దాటాక వచ్చింది, ఇంట్లో ఇంకెవరికీ లేదు. సంజనకు భయం లేదని చెప్పింది. నేను నమ్మాను. పెళ్లివారు నమ్ముతారా? "పిల్ల మేనమామకు తలల గడ్డ ఉన్నదట" అన్నంత వరకే వాళ్లకు గుర్తుంటుంది. తాగుబోతు మేనమామలు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ల వల్ల పెళ్లిళ్లు ఆగవు.


అశోక్‌నగర్,
27-11-2024

అక్కకు విఠల్ నమస్కారం.

బావ అన్నది నిజమే. ఆ రోజు బస్సు దిగాక కొంచెం తాగాను. పది మందిలో నీ తల దించాను. తప్పయింది. ఇంతకంటే రాయలేను.

స్టడీ హాల్ బాగానే నడుస్తున్నది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కుర్చీలన్నీ కిరాయికి తీసుకున్నారు. నా టేబుల్‌కు ఎడమవైపున్న వరుస కావాలని ఈ మధ్య పోటీ పడుతున్నారు, ఎందుకో తెలియదు. ఒకప్పుడు రోజుకు ఇరవై సార్లు "ష్" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ అవసరమే రావడం లేదు. పిల్లలకు బుద్ధి వచ్చింది.

బావకు చెప్పు, ఆయన మాట వల్లనే ఆ రోజు గట్టెక్కిందని.

విఠల్


కొండరాజుపల్లి,
8-12-2024

విఠల్,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను, పిల్లలెవరైనా చూస్తారని. "కొంచెం తాగాను" అని ఎంత తేలికగా రాశావురా.

రాగిణికి ఫోన్ చేసి అడిగాను. "ఏమో వదినా, ఆయన్నే అడుగుండ్రి" అని పెట్టేసింది. కట్టుకున్నది నోరు విప్పలేనంత దాకా వచ్చిందన్నమాట. ఇంక నేను అడిగేది లేదు.

ఇక్కడ అంగన్‌వాడీలో గుడ్లు పావురం గుడ్లంత వస్తున్నాయి. తల్లులు నా మీద పడుతున్నారు, నేనే పెట్టినట్టు. హాజరు ఫోన్‌లో ఎక్కించమంటారు, ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం ట్యాంకు దగ్గరికి పోవాలి. ఈ గొడవల్లో నీ గొడవొకటి.

మన హనుమప్ప ఎంత తాగేవాడో నీకు తెలుసు. కిందటేడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మండలం దీక్ష చేసి కొండకు పోయి వచ్చినవాడు మళ్లీ ముట్టలేదు. ఇంకా సమయం ఉంది, నువ్వూ వేసుకో. నల్లబట్టల్లో ఒకసారి వియ్యపురాలి కంటపడితే నా పరువు కొంత తిరిగి వస్తుంది.

ఇంకో సంగతి నీకు నేనే చెప్పాలి. పెళ్లిలో సంజనను మండపానికి తెచ్చే పని పెదనాయిన కొడుకు కుమారస్వామికి అప్పగిద్దామని మీ బావ అంటున్నాడు. వరుసకు అతనూ మేనమామే. మళ్లీ అందరి ముందు పడితే ఈసారి కప్పిపుచ్చడానికి మాట కూడా మిగలలేదు. నేను కాదనలేదు.

అక్క


చిక్కడపల్లి,
20-12-2024

అక్కకు,

మాల వేసుకోలేను. చన్నీళ్ల స్నానాలు, ఆ గుంపులో కొండ ఎక్కడం నా వల్ల కాదు. వేరే కారణం ఏమీ లేదు.

కుమారస్వామి అన్న చేస్తే మంచిదే. ఆయన మనిషి కూడా నిండుగా ఉంటాడు.

చలికి ఇక్కడ అందరికీ దగ్గు. రాగిణి కూడా పడుకుంది, అందుకే హాల్‌కు పోకుండా ఇంటి నుంచి రాస్తున్నాను. నిన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్ దాటడానికి చాలాసేపు నిలబడ్డాను. ఇదివరకు ఇంత బండ్లు లేవు.

విఠల్


కొండరాజుపల్లి,
19-1-2025

ఒరే విఠల్,

మాల వద్దన్నావని నీకు ఉత్తరం రాయడం మానేశాను. తాగుడు విడిచిపెట్టలేక సాకులు చెబుతున్నావని ఇంట్లో అందరి ముందూ అన్నాను. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన సోమవారం సంజన నారాయణగూడలో జాకెట్లకు లైనింగులు కొనుక్కుని, నీకు శుభలేఖ ఇవ్వడానికి అశోక్‌నగర్ వచ్చింది కదా. నువ్వు టేబుల్ దగ్గర కూర్చుని పేపర్ చదువుతున్నావట. నీ ఎడమ వరుసలో నలుగురు పిల్లలు మిక్చర్ తింటూ క్రికెట్ గురించి కొట్లాడుతున్నారట. బజారులో ఉన్నట్టే ఉందట. నువ్వు తల ఎత్తలేదు. కుడివైపు ఎవరో పేజీ తిప్పుతూ గొణిగితే మాత్రం "ష్" అన్నావట.

అది ఆ పిల్లలను అడిగింది. "సార్‌కు లెఫ్ట్ సైడ్ సిగ్నల్ లేదక్కా. అందుకే గీ సీట్లకు గిరాకి. సార్‌కు చెప్పకుండ్రి, పాపం ఫీలైతడు" అన్నారట.

ఇంటికి వచ్చి అది ఏడ్చింది. "మామ దగ్గర వాసన గీసన ఏం లేదమ్మా. చెవి వినవడుతలేదు. లేచేటప్పుడు టేబుల్ పట్టుకున్నడు. తాగినోడు గట్ల పట్టుకోడు" అన్నది.

నాయినను చూసి పెరిగిన నేను తాగినవాడిని గుర్తుపట్టలేకపోయాను, పట్నంలో చదివిన పిల్ల గుర్తుపట్టింది. తాగనివాడివి తాగాను అని ఎందుకు రాశావురా? నీకేమయింది?

అరుంధతి


అశోక్‌నగర్,
27-1-2025

అక్కా,

నీ ఉత్తరం హాల్లోనే చదివాను. తల ఎత్తి ఎడమ వరుస వైపు చూశాను. అందరూ పుస్తకాల్లోకి వంగిపోయారు. ఇన్నాళ్లూ వాళ్లకు బుద్ధి వచ్చిందనుకున్నాను. వాళ్లు నా మీద జాలిపడి దాచారు. ఆ పూట వాళ్ల మొహాలు చూడలేక ముందే తాళం వేసి పోయాను.

చెవి వెనక, లోపల, నరం మీద గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, సంజనకూ వచ్చేది కాదు. ఈ రెండు మాటలూ డాక్టరమ్మ చేత రెండేసి సార్లు చెప్పించుకున్నాను. పూలుపండ్ల రోజు నేను పడింది దాని వల్లే. నేను తాగానని బావ అన్నప్పుడు అందరూ నవ్వారు కదా, ఆ నవ్వులో నాకు చోటు దొరికినట్టనిపించింది. నీకు కూడా అదే రాశాను. గడ్డ మాట బయటపడితే సంబంధం పోతుందని భయం.

డాక్టర్లు మూడు దారులు చెప్పారు. మొదటిది, ఏమీ చేయకుండా ఆరు నెలలకోసారి ఎమ్మారై తీసి చూసుకోవడం. ఇది మెల్లగా పెరిగేది, కొందరిలో ఏళ్ల తరబడి కదలదట. రెండోది రేడియేషన్. కోత ఉండదు, ఒక్కరోజు పని. గడ్డ పోదు, చాలామందిలో పెరగడం ఆగుతుంది. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు స్కాన్‌లు తీస్తూనే ఉండాలి, వినికిడి మెల్లగా తగ్గవచ్చు. మూడోది తల తెరిచి తీసేయడం. నా విషయంలో ఆ చెవి మీద ఆశ వదులుకోవలసిందే. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డకు ఆనుకునే పోతుంది. అది దెబ్బతింటే మూతి ఒక పక్కకు పోతుంది, కన్ను మూతపడదు. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది.

నేను రేడియేషన్ అన్నాను. ఎందుకని అడిగింది పద్మ గారు. "జుట్టు తియ్యరు, కుట్లుండయి, ఎవ్వరికి తెల్వదు మేడం" అన్నాను. ఆమె కలం కింద పెట్టింది. "విఠల్ గారూ, ఎవ్వరికి తెల్వకపోవుడు అనేది మీ గడ్డకు సంబంధం లేని ముచ్చట. ఇంకేదన్న కారణముంటే చెప్పుండ్రి, వింట" అంది. ఫైలు తీసుకుని వచ్చేశాను.

అప్పటికి తొందర లేదని వాళ్లే అన్నారు కనుక మొదటి దారిలోనే ఉన్నాను. మార్చిలో మళ్లీ స్కాన్. సంజన పెళ్లి ఫోటోల్లో వంకర మూతితో ఉండకూడదని నా ఆలోచన. ఆ ఫోటోల్లో నాకు చోటు ఎలాగూ లేదని నీ డిసెంబరు ఉత్తరంతో తెలిసింది. అయినా ఆలోచన మారలేదు.

రోడ్డు దాటేటప్పుడు హారన్ ఏ పక్క నుంచి వస్తుందో తెలియడం లేదు. జనం నడిస్తే నడుస్తాను, ఆగితే ఆగుతాను.

రాగిణిని ఏమీ అనకు. ఒట్టు నాది.

విఠల్


కొండరాజుపల్లి,
4-2-2025

విఠల్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మీ బావకు అంతా చెప్పాను. ఆయన బీడీ ఆర్పేశాడు. "నా నోటికొచ్చిన మాట వాని నెత్తిన వడ్డది" అన్నాడు. కుమారస్వామి మాట ఎత్తితే సంజన ఒప్పుకోలేదు. "మామ చెయ్యి పట్టుకుంటేనే మండపానికొస్త. లేకుంటే ఒక్కదాన్నే నడుసుకుంట వస్త" అంటుంది. కాబట్టి నువ్వే రావాలి. అది నీ పక్కనే ఉండి నిన్ను పట్టుకుంటుంది, నువ్వు దాన్ని పట్టుకున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు నేను అడగబోయేది అడగకూడనిది. వియ్యపురాలికి ఈ సంగతి చెప్పలేదు. చెబుదామని పోయాను. ఆమె వాళ్ల పాలివాళ్లలో ఎవరికో ఫిట్స్ ఉన్నాయని సంబంధం తప్పిపోయిన కథ చెబుతూ కూర్చుంది. నేను చాయ్ తాగి వచ్చేశాను. తాగుబోతన్నది వాళ్లకు పాతబడిన మాట. నవ్వుకుని ఊరుకున్నారు. గడ్డ అంటే ఎవరూ నవ్వరు. పెళ్లి అయ్యేదాకా వాళ్లను అలాగే అనుకోనీ. నువ్వు కాస్త తూలినా ఎవరూ వేరేగా అనుకోరు.

డిసెంబరులో తాగుతున్నావని నిన్ను పెళ్లి పని నుంచి తప్పించాను. ఇప్పుడు అదే పేరు మోసుకుంటూ రమ్మంటున్నాను. ఇది రాసిన చేతితో అన్నం తినబుద్ధి కావడం లేదు. అయినా పోస్టు చేస్తున్నాను.

అక్క


చిక్కడపల్లి,
18-3-2025

అక్కకు,

పెళ్లి బాగా జరిగింది. వంటలు కూడా బాగున్నాయి. మా హాల్ పిల్లలకు లడ్డూలు పంచాను. ఎడమ వరుసను కుడివైపుకు తిప్పాను. ఇద్దరు ముగ్గురు ఖాళీ చేసి పోయారు.

కొన్ని సంగతులు రాయాలి. కోపంతో రాయడం లేదు.

భోజనాల ముందు పెళ్లికొడుకు చిన్నాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "రా బావా, నువ్వు మనోనివే" అని వంటల టెంటు వెనక్కి తీసుకుపోయి గ్లాసు చేతిలో పెట్టాడు. వద్దంటే అనుమానం వస్తుంది. నాయిన వాసన వచ్చింది. మూతి తడుపుకుని ఎవరూ చూడనప్పుడు పారబోశాను. వాళ్లు నాతో ఎంతో మర్యాదగా ఉన్నారు. ఊళ్లో ఈ మధ్య నాకు ఎవరూ అంత మర్యాద చేయలేదు.

మండపానికి పోయేటప్పుడు సంజన నన్ను గట్టిగా పట్టుకుంది. ఒకచోట కాలు తప్పినా పడనివ్వలేదు. అప్పుడు మీ వియ్యంకుడు ఎడమవైపు నుంచి ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. నువ్వు నవ్వడం చూశాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు.

ఆ పేరు మోస్తానని ఒప్పుకున్నది నేనే. నువ్వు నవ్వక తప్పదని కూడా తెలుసు. బస్సులో జనగామ దాటేదాకా అదే కళ్ల ముందు ఉంది.

మొన్న రెండో స్కాన్ అయింది. గడ్డ పెరిగింది, మెదడు మొదలును తాకుతున్నది. ఆగినందుకు ప్రాణానికేమీ కాలేదన్నారు. ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడి మాత్రం పోయింది. ఆగకపోయినా పోయేదేమో, చెప్పలేం అంది పద్మ గారు. ఆపరేషన్ చేసే డాక్టరునూ, రేడియేషన్ డాక్టరునూ కలిపి కూర్చోబెట్టింది. రేడియేషన్ పెడితే గడ్డ మొదట కొంత ఉబ్బుతుందట, అక్కడ ఉబ్బడానికి చోటు లేదట. తూలడం కూడా ఎక్కువైంది. ఇద్దరూ తీసేయడమే మేలన్నారు. మూతి సంగతి అడిగాను. "జాగ్రత్తగనే చేస్తం. మాట మాత్రం ఇయ్యలేం" అన్నాడు ఆపరేషన్ డాక్టరు. ఆ మాట వల్లనే ఆయన మీద నమ్మకం కలిగింది.

ఊళ్లో, హాల్లో, అందరికీ తెలిసినా ఇదే చేయించుకుంటానా అని నన్ను నేను అడుక్కున్నాను. ఇదే చేయించుకుంటాను. సరేనన్నాను.

ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం. రాగిణి ఒక్కతే ఉంటుంది. నువ్వు వస్తే బాగుంటుంది. ఇంట్లో, వియ్యంకుల దగ్గర ఏం చెప్పి వస్తావో నాకు తెలియదు. అబద్ధం చెప్పి రావలసి వస్తే మాత్రం రాకు అక్కా.

విఠల్


కొండరాజుపల్లి,
2-4-2025

తమ్ముడికి,

మండపం దగ్గర వియ్యంకుడు అన్నది నీకు వినపడలేదు కదా, నేనే రాస్తాను. "మేనమామ పిల్లను వట్టుకున్నడా, పిల్లనే మేనమామను వట్టుకున్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే ముందు నవ్వాను. నువ్వు చూశావని నాకు తెలియదు. వినపడలేదు గనుక ఫరవాలేదనుకున్నాను. ఆ అనుకోవడమే నన్ను ఇప్పుడు తింటున్నది.

నిన్న సంజనను తీసుకుపోవడానికి వియ్యపురాలు వచ్చింది. మీ బావ "ఇప్పుడే ఎందుకు, జర ఆగరాదు" అని లోపలి నుంచి సైగలు చేశాడు. సంజన గడప దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నది. చెప్పాను. గడ్డ అని చెప్పాను, తల అని చెప్పాను, మంగళవారం ఆపరేషన్ అని చెప్పాను.

ఆమె అడిగిన మొదటి మాట మనం భయపడిన మాటే. "సంజనకు గూడ వస్తదా?" రాదన్నాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. సంచి దగ్గరికి తీసుకుని సర్దుకోసాగింది. పోతానంటుందేమో అనుకున్నాను. పోలేదు.

తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి గా మనిషిని తాగిండని ఎందుకన్నరు వదినా? మేమన్నమంటే ఎరుకలేక అన్నం. మీరెందుకన్నరు?"

చాయ్ పెడతానని లోపలికి పోయి, పొయ్యి ముట్టించకుండా నిలబడ్డాను. వచ్చి చూస్తే ఆమె, సంజన అరుగు మీద మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

సోమవారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. ఎక్కడికని పెద్దమ్మ అడిగింది. ఆమె అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఎందుకు పోతున్నానో ఆ నలుగురికీ వినపడేటట్టే చెప్పాను.

అరుంధతి